బడిలో పెట్టిన బడి

తెలుగులో బడి అంటే పిల్లలు చదువుకునే చోటు. ఒడియాలో బడి అంటే వడియం. మినప్పప్పు రుబ్బి, బూడిదగుమ్మడి కోరు కలిపి, చలికాలం ఎండలో గుడ్డ మీద ఎండబెడితే అది వాళ్ళకు బడి, మనకు వడియం. గంజాం జిల్లా అస్కాలో మాది రెండు భాషల వీధి. పక్కింటి మాఉసీ, అంటే పిన్ని, ఒకనాడు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "బడి ఖాఇబు?" అని మా చిన్న చెల్లెల్ని అడిగిందట. బడిని తినడమేమిటే అమ్మా అని అది అమ్మ కొంగు పట్టుకుని అడిగింది. ఏభై ఏళ్ళుగా మా ఇంట్లో ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నాం.

ఈ మధ్య అదే మాట నాకు మరోలా వినిపిస్తోంది. వడియాలు పెట్టడం అంటాం. బడి పెట్టడం అనీ అంటాం. ఈ రెండు పెట్టడాలూ ఒకే కప్పు కింద జరగాలని చెప్పడానికే ఇవాళ రేడియోలో మీ ముందుకు వచ్చాను.

నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్ళకు పైగా నిష్పత్తి, అనుపాతం చెప్పి రిటైరయ్యాను. రిటైరైన ఏడాదిలో ఒక రాత్రి పదకొండు గంటలకు సూరత్ నుంచి ఫోను వచ్చింది. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు. మన అస్కా, పొలసర, భంజనగర్ వైపు కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్ళడం కొత్త సంగతి కాదు కదా. 2025 సెప్టెంబరులో బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధ్నాకు నేరుగా అమృత్ భారత్ రైలే వేశారు. అక్కడ పన్నెండు గంటల డ్యూటీ. పగటి డ్యూటీవాళ్ళు లేచిన చాప మీదే రాత్రి డ్యూటీవాళ్ళు పడుకునే గదులు. తిండి మెస్సులో. ఆ వారం మెస్సు మూతపడింది. కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, ఉసునా బియ్యం కిలోకి నీళ్ళెన్ని పొయ్యాలి?"

నిష్పత్తి లెక్కే అది. నాకు జవాబు తెలియలేదు. మా ఆవిడ చేతికి ఫోనిచ్చాను. ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లాడికి ఐదేళ్ళు చదువు చెప్పిన బడిలో, రోజుకు రెండు పూటలా బతికినంత కాలం కావలసిన ఒక్క లెక్క మేమెవరమూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

ఆ తర్వాత నేను మా ఆవిడ దగ్గర వంట నేర్చుకున్నాను. ఇప్పుడు, చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లల కోసం మా ఊళ్ళో నడిచే ఒక చిన్న బడిలో వారానికి రెండు పూటలు నేర్పుతున్నాను. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు పదిహేడు మంది. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో ఒడియా. అందరి నోటా రెండూ.

బడిలో వంట నేర్పాలన్న ఈ ఆలోచన నాది కాదు, చాలా పాతది. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో ఒక విద్యా మహాసభ జరిగింది. గాంధీజీ అధ్యక్షులు. చేతిపనే చదువుకు కేంద్రం కావాలని ఆ సభ తీర్మానించింది. జాకీర్ హుస్సేన్ గారి కమిటీ దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసింది. నయీ తాలీమ్ అన్నారు దాన్ని. ఆర్యనాయకం, ఆశాదేవి దంపతులు సేవాగ్రామ్‌లో ఆ బడిని నడిపించారు. నయీ తాలీమ్ అనగానే అందరికీ రాట్నమే గుర్తొస్తుంది. నాకు మాత్రం అక్కడి వంటిల్లు గుర్తొస్తుంది. పిల్లలు వంతుల వారీగా వంటపనిలో పాల్గొనేవారు. సరుకుల లెక్క వాళ్ళే రాసేవారు. ఏ పూట ఏం వండితే ఒంటికి చాలుతుందో, దానికి ఎంత ఖర్చవుతుందో వాళ్ళే కూర్చుని ఆలోచించేవారు. మన ఒడిశాలోనూ బారీ ప్రాంతంలో గోపబంధు చౌధురి, రమాదేవి దంపతుల పూనికతో ఇలాంటి బడులు నడిచాయి. 1941లో ప్రభుత్వం వాటిని మూసేసింది. సేవాగ్రామ్‌లో 2005లో ఆనంద నికేతన్ పేరుతో మళ్ళీ బడి తెరిచారు. అక్కడి పిల్లలకు తోటపనీ వంటపనీ ఇవాళ్టికీ చదువులో భాగమే.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. ఆ గీత చెరిగిపోతే నేను చెప్పేదంతా తప్పే అవుతుంది. పిల్లలకు వంట నేర్పడం వేరు, పిల్లల చేత వండించుకోవడం వేరు. హాస్టళ్ళలో చదువు మానిపించి పిల్లల చేత బియ్యం ఏరించడం, అంట్లు తోమించడం మనం వినని సంగతి కాదు. అది చాకిరీ. తేడా ఎలా తెలుస్తుందంటే, నేను రెండే చూస్తాను. ఏం వండాలో పిల్లలు నిర్ణయించారా, లేక పెద్దలు చెబితే చేశారా? వండింది పిల్లలు తిన్నారా, లేక మరొకరికి వడ్డించారా? ఇంకో సంగతి కూడా ఉంది. అంట్లు ఎప్పుడూ ఆడపిల్లల వంతే అయితే, ఆ బడి వంట నేర్పుతున్నట్టు కాదు. ఇంట్లో ఉన్న అన్యాయాన్నే మళ్ళీ ఒకసారి వల్లె వేయిస్తున్నట్టు.

జపాన్‌లో కూడా ఒకప్పుడు వంటా ఇంటిపనీ ఆడపిల్లల పాఠమే. 1993లో జూనియర్ హైస్కూళ్ళలో, ఆ మరుసటేడు హైస్కూళ్ళలో మగపిల్లలకూ తప్పనిసరి చేశారు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు, మన పొయ్యి దగ్గరికే వద్దాం.

మొదటి పాఠం బియ్యం. మా పిల్లల్లో తెలుగిళ్ళవాళ్ళు చాలామంది పచ్చిబియ్యం తెస్తారు. ఒడియావాళ్ళు అరుఆ అంటారే, అవి. ఒడియా ఇళ్ళ పిల్లలు ఉసునా తెస్తారు, అంటే ఉప్పుడు బియ్యం. రెండూ పక్కపక్కన వండిస్తాను. ఉసునాకు నీళ్ళూ ఎక్కువ కావాలి, మంటా ఎక్కువసేపు కావాలి. పాత బియ్యం కొత్త బియ్యం కన్నా ఎక్కువ నీళ్ళు తాగుతాయి. ఇవన్నీ గ్లాసుతో కొలిచి నోటు పుస్తకంలో రాసుకుంటారు. అప్పుడు గంజి దగ్గరికి వస్తాం.

గంజి వార్చి పారబోస్తే ఏం పోతుంది? ఈ ప్రశ్న వెనక మన ప్రాంతపు చరిత్ర ఉంది. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న ఈ తీరాన్ని ఇంగ్లీషువాళ్ళు ఉత్తర సర్కారులు అన్నారు. ఆ ఉత్తర సర్కారులకు వైద్య పుస్తకాల్లో చెడ్డపేరు ఒకటి ఉండేది. అదే బెరిబెరి జబ్బు. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, బలం ఉడిగిపోతుంది, గుండె వాస్తుంది. మరపట్టిన తెల్లటి పచ్చిబియ్యాన్ని బాగా కడిగి, వండి, గంజి వార్చేస్తే బి1 విటమిను మూడుచోట్ల పోతుంది. తవుడులో కొంత, కడుగునీళ్ళలో కొంత, గంజిలో కొంత. వడ్లను ముందే ఉడకబెట్టి ఆరబెట్టి దంచినప్పుడు, పైపొరలో ఉన్న విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. అందుకే ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు ఆ జబ్బు అరుదు. కూనూరులో ఉండే పోషకాహార పరిశోధనశాలవాళ్ళు 1930లలో, 40లలో దీని మీద పనిచేశారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ సంగతి చెప్పిన రోజున పిల్లల ముఖాలు మీరు చూడాలి. ఉసునా అన్నం లావుగా, తెలుపు తక్కువగా ఉంటుందని తెలుగు పిల్లలు పెదవి విరిచేవారు. ఆ రోజు ఒడియా పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఒక అమ్మాయి లేచి, "మరి మా ఇంట్లో తోరాణి పారబొయ్యరు మాస్టారూ" అంది. పఖాళ అంటే నీళ్ళు పోసి ఊరబెట్టిన అన్నం, అందులో ఊరిన నీళ్ళే తోరాణి. మన పెద్దవాళ్ళు దాన్నే తరవాణి అనేవారు. మాట కూడా ఒకటే చూడండి. తరవాణి కుండ మన ఇళ్ళలోంచి ఎప్పుడో మాయమైంది. పక్కింట్లో ఇంకా ఉంది.

ఆ పదిహేనేళ్ళ అమ్మాయి గురించి ఇంకో మాట చెప్పాలి. ఆడపిల్లలు చాలామంది పదేళ్ళకే ఇంట్లో వంట మొదలుపెడతారు. వాళ్ళకు నేను చేతిపని నేర్పేదేం లేదు. ఒకరోజు ఆ అమ్మాయిని పదిమందికి సరిపడా బియ్యం కొలవకుండా తియ్యమన్నాను. చేటలోకి చేత్తో తీసింది. తూకం వేస్తే ఇంచుమించు సరిపోయింది. నేను కాగితం మీద లెక్క కట్టేలోగా ఆమె చెయ్యి లెక్క తేల్చేసింది. ఆ తెలివికి ఇంతకాలం ఎవరూ ఒక మార్కు వెయ్యలేదు. ఆ రోజు నుంచి మగపిల్లలకు అన్నం వార్చడం, కత్తిపీట పట్టడం ఆమే నేర్పుతోంది. వాళ్ళు ఆమెను 'అప్పా', అంటే అక్కా, అని పిలుస్తూ చుట్టూ తిరుగుతున్నారు. ఇంట్లో ఎప్పుడూ చెయ్యి అందివ్వని కుర్రాళ్ళు వాళ్ళు.

లెక్క పాఠానికి మన మధ్యాహ్న భోజనమే పుస్తకం. ఒడిశాలో ఇది 1995 జులైలో మొదలైంది. ఇప్పుడు పీఎం పోషణ్ అంటున్నారు. నియమం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్ళకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. నలభై మంది చిన్నపిల్లలున్న బడికి ఏం కావాలి? నాలుగు కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరలు, 200 గ్రాముల నూనె. ఈ లెక్క చేశాక మా కుర్రాడొకడు, తన తమ్ముడి బడిలో ఎంతమంది పిల్లలు, ఎంత పప్పు వేస్తున్నారని వెళ్ళి కనుక్కుని వచ్చాడు. నాకు ఇంతకన్నా మంచి హోంవర్కు తెలియదు.

నూనె మాట వచ్చింది కనుక చెబుతాను, ఇది నవ్వుతూ చెప్పే పాఠం కాదు. 2013 జులై 16న బిహార్‌లో గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. అందుకే మా వంటగదిలో పొయ్యి వెలిగించే ముందు ప్రతి డబ్బా మూత తీసి వాసన చూడాలి. దాని మీద పేరు రాసి ఉండాలి. పురుగుమందు పోసిన డబ్బా ఎంత కడిగినా వంటింటి గడప దాటకూడదు. అలాంటి డబ్బాలను మళ్ళీ వాడుకునే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. వింటున్నవాళ్ళు దయచేసి ఒక్కసారి మీ ఇంట్లో చూసుకోండి.

ఇక పాకం. అస్కావాళ్ళకు తీపి సంగతి ఒకరు చెప్పాలా? పందొమ్మిదో శతాబ్దంలోనే మిన్చిన్ దొర ఇక్కడ చక్కెర మిల్లు నడిపాడు. ఇవాళ సహకార చక్కెర కర్మాగారం ఉంది. రుషికుల్య, బడానది కలిసేచోట ఊరు, చుట్టూ చెరుకు. అయినా పాకం పట్టమంటే పిల్లలకు భయం. అరిసెలు చేయిద్దామని కూర్చోబెట్టాను. ఒడియావాళ్ళకూ అది అరిసా పిఠానే. పేరూ ఒకటే, తడి బియ్యప్పిండీ ఒకటే, బెల్లమూ ఒకటే.

పాకంలో థర్మామీటరు పెట్టించాను. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని పుస్తకంలో చదివిన పిల్లలు, పాకం 100 దాటి పైకి పోతుంటే ఆశ్చర్యపోయారు. నీరు ఆవిరవుతున్న కొద్దీ తీపి చిక్కబడుతుంది, మరిగే వేడి పెరుగుతుంది. తీగపాకం 105 చుట్టుపక్కల వస్తుంది. చల్లటి నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టే పాకం 112 నుంచి 116 మధ్య. మొత్తం తేడా నాలుగు డిగ్రీలే. తక్కువైతే అరిసె నూనెలో విడిపోతుంది, ఎక్కువైతే పంటికి రాయి. ఆ తర్వాత థర్మామీటరు పక్కన పెట్టేయమన్నాను. గిన్నెలో నీళ్ళు, రెండు వేళ్ళు, అంతే. మా అమ్మకు థర్మామీటరు పేరు కూడా తెలియదు. ఆ వేళ్ళే 114 చెప్పేవి. సైన్సు మాస్టారు చెప్పేదీ అమ్మ చెప్పేదీ ఒకటేనని పిల్లలకు ఎవరైనా చూపించాలి. నా మటుకు నాకు చదువు అంటే అదే.

ఒకసారి ఒక తండ్రి వచ్చారు. బయటే నిలబడి, "మాస్టారూ, మావాడు ఎవరు కలిపిన పిండి తింటున్నాడు?" అని అడిగారు. ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న తగువు మన ఊళ్ళలో ఎంత పాతదో మీకు తెలుసు. "మీవాడు కలిపిన పిండే బాబూ. అందులో పదిహేడు మంది చేతులున్నాయి, మీవాడివీ ఉన్నాయి" అన్నాను. రెండు వారాలు కుర్రాడిని పంపలేదు. మూడోవారం వాడే వచ్చి రుబ్బురోలు దగ్గర కూర్చున్నాడు. నేనేమీ అడగలేదు.

కొండల వైపు పిల్లల సంగతి కూడా తలుచుకోవాలి. మొహుడాలో ఉన్న గ్రామ్ వికాస్ సంస్థ మన గంజాం జిల్లాలోనే కంకియాలో 1980ల నుంచి ఆశ్రమ పాఠశాల నడుపుతోంది. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలూ చాలా ఉన్నాయి. కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు చోళ్ళు, సామలు, ఏ దుంప ఎన్నిసార్లు ఉడికిస్తే దురద పోతుంది, ఏ ఆకు ఏ కాలంలో తినొచ్చు అన్నవి అమ్మ వెంట అడవికి వెళ్ళినప్పుడే తెలుస్తాయి. పదేళ్ళు హాస్టల్లో తెల్లన్నం, పప్పు తిని ఇంటికి వెళ్ళేసరికి ఆ తెలివిలో ఎంత మిగులుతుంది? తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవాళ్ళు పచ్చశాల అని ఒక బడి పెట్టారు. పాఠాలతోపాటు సేద్యం, కుమ్మరం, వడ్రంగం, మూలికావైద్యం నేర్పే బడి అది. జొన్నలు, కొర్రలు పండించే దళిత మహిళల సంఘాలు దాని వెనక ఉన్నాయి. అదే ఊళ్ళో 2008లో ఆ ఆడవాళ్ళే సంఘం రేడియో మొదలుపెట్టారు. రేడియోలో మాట్లాడుతున్నప్పుడు నాకు వాళ్ళు గుర్తొస్తారు. తాము తినే తిండి గురించి తామే మైకు ముందు చెప్పుకున్నవాళ్ళు వాళ్ళు.

మా బడికి పెద్ద వంటగదేమీ లేదు. రేకుల షెడ్డు, రెండు గ్యాసు పొయ్యిలు, ఒక కత్తిపీట, నాలుగు చాకులు, ఒక తక్కెడ, బకెట్టెడు ఇసుక. మంట దగ్గర ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉండాలన్నది ఒక్కటే కట్టుబాటు. తల్లులు వంతులు వేసుకుని వస్తారు. ఒక పూట తెలుగు అమ్మ పులుసు పెడితే, మరో పూట ఒడియా అమ్మ పప్పూ కూరగాయలూ కలిపి దాల్మా చేస్తుంది, పంచఫుటణ పోపు వేగుతున్న వాసనకు వీధి చివరి దాకా పిల్లలు వస్తారు. ఏ ఊళ్ళోనైనా, ఏ బడిలోనైనా ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

సూరత్ కుర్రాడు పోయిన ఏడాది దసరాకు వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మా పిల్లలు పెట్టిన బడి ఒక డబ్బా పట్టుకెళ్ళాడు. ఆ నెలలోనే ఫోను చేశాడు. గదిలో ఎనిమిది మందికి తనే వంకాయ, బడి, ములగకాడలు వేసి కూర వండాడట. "నీళ్ళెన్ని పొయ్యాలో ఎవర్నీ అడగలేదు మాస్టారూ" అన్నాడు.

ఈ నెల ఎండ బాగుంది, మంచు విడిచిపోతోంది. మీ ఇంట్లో పిల్లలుంటే ఇవాళ రాత్రికి అర కిలో పొట్టు తీసిన మినప్పప్పు నానబెట్టండి. ఒక చిన్న బూడిదగుమ్మడికాయ కోరి, ఉప్పు రాసి, గుడ్డలో మూటకట్టి బరువు పెట్టండి. తెల్లారేసరికి నీరు దిగిపోతుంది. పప్పు గట్టిగా రుబ్బి, పిల్లల చేతికిచ్చి, చేత్తో గిలక్కొట్టమనండి. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టనివ్వండి. కొంచెం పిండి తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యమనండి. మునిగితే ఇంకా కొట్టాలి. తేలితే గాలి పట్టిందన్నమాట, అప్పుడు కోరు కలపాలి. ఎందుకు తేలిందని పిల్లలు అడుగుతారు. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే కలిసి కనుక్కోండి. మేడ మీదికి ఎండ తొమ్మిదింటికి వస్తుంది. ఆలోగా పాత చీర ఒకటి ఉతికి పరిచి ఉంచండి.